కార్నేషన్‌కి నాటు విత్తనం ఏది? ఒకేలా కనిపించే అడవి డయాంథస్‌ల చిక్కుముడి

శీతాకాలపు పూల వీడియో చూశాక చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. "వరిలో దేశవాళీ రకాలున్నాయి, పత్తిలో దేశీ పత్తి ఉంది. మరి ఈ కార్నేషన్‌కి అసలు విత్తనం, అదే నాటు విత్తనం, ఎక్కడ దొరుకుతుందండీ?" ఒక్క ముక్కలో చెప్పాలంటే మన దగ్గర లేదు, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న కొండల మీద ఉంది. కానీ అక్కడికే వెళ్లి "అసలు మొక్క ఏదో చూపించండి" అంటే మాత్రం అక్కడి వృక్షశాస్త్రజ్ఞులు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒక కొండ మీద ఒకటి, పక్క కొండ మీద ఇంకొకటి, రెండూ చూడ్డానికి ఒకటే. పేర్లు మాత్రం వేరు. ఇవి నిజంగా వేర్వేరు జాతులా, ఒకే జాతి రెండు చోట్ల పెరుగుతోందా అన్న గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ గొడవ మనకెందుకు అనుకోకండి. విత్తనం దాచుకునే ప్రతి రైతుకూ ఇది పనికొచ్చే విషయం. ఎలాగో నెమ్మదిగా చూద్దాం.

ముందు కార్నేషన్ సంగతి. పెళ్లి మండపాల్లో, బొకేల్లో కనిపించే ఒత్తు రేకుల పువ్వు అదే. మన దేశంలో బెంగళూరు చుట్టుపక్కల, నీలగిరుల్లో, హిమాచల్‌లో, అంటే చల్లగా ఉండే చోట పాలీహౌస్‌లలో వేస్తారు. విత్తనంతో కాదు, కొమ్మ ముక్కలు నాటి పెంచుతారు. దీని శాస్త్రీయ నామం డయాంథస్ కార్యోఫిల్లస్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. డయాంథస్ అంటే గ్రీకులో దేవుడి పువ్వు అని. కార్యోఫిల్లస్ అన్నది లవంగానికి ఉన్న పాత పేరు. నాటు మొక్కల పువ్వు వాసన చూస్తే నిజంగానే లవంగం గుర్తొస్తుంది, ఎందుకంటే లవంగంలో ఉండే యూజినాల్ అనే పదార్థమే ఇందులోనూ ఉంటుంది. బొకేల కోసం, ఎక్కువ రోజులు నిలవడం కోసం ఎంపిక చేస్తూ పోయిన రకాల్లో ఆ వాసన చాలావరకు పోయింది. అది వేరే కథ.

డయాంథస్ కుటుంబం పెద్దది. సుమారు 300 జాతులున్నాయి. ఎక్కువ భాగం యూరప్, పశ్చిమ ఆసియాలో. కొన్ని ఆఫ్రికా దక్షిణాన, కొన్ని మన పశ్చిమ హిమాలయాల్లో. అలాస్కా వైపు మంచు నేలల్లో కూడా ఒకటుంది. మన నర్సరీల్లో చలికాలంలో కుండీల్లో అమ్మే పొట్టి మొక్క డయాంథస్ చైనెన్సిస్, చైనా పింక్ అంటారు. గుత్తులుగా పూసేది డయాంథస్ బార్బాటస్, స్వీట్ విలియం అంటారు.

పువ్వు విప్పి చూస్తే

పై వీడియోలో చైనా పింక్ పువ్వును విప్పి చూపించాను, ఒకసారి ఆపి చూడండి. ఆకులు సన్నగా, ఎదురెదురుగా, జంటలుగా వస్తాయి. ఆకులు వచ్చే చోట కణుపు ఉబ్బి ఉంటుంది. అడవి జాతుల్లో రేకులు 5, అంచు కత్తెరతో పళ్లు పళ్లుగా కత్తిరించినట్టు ఉంటుంది. కింద ఆకుపచ్చ గొట్టం. ఆ గొట్టం అడుగున చిన్న చిన్న పొలుసులు అతుక్కుని ఉంటాయి. కేసరాలు 10, మధ్యలో కొమ్ముల్లా రెండు ఆడ తీగలు. ముందు పుప్పొడి రాలిపోయాక ఆడ భాగం సిద్ధమవుతుంది. అందుకే ఒకే పువ్వులో తనకు తాను పరాగసంపర్కం చేసుకోవడం తక్కువ.

పాత కాలం నుంచి జాతులను వేరు చేసింది ఈ గుర్తులతోనే. గొట్టం పొడవెంత, పొలుసులు ఎన్ని, వాటి కొస మొద్దుగా ఉందా ముల్లులా సాగి ఉందా, రేకు మీద వెంట్రుకలున్నాయా, కాడకు ఒక్క పువ్వా గుత్తా. పుస్తకంలో చదివితే తేలిగ్గానే అనిపిస్తుంది. కొండ మీదికి వెళ్లాకే తంటా మొదలవుతుంది. ఒకే మడిలో ఉన్న 20 మొక్కల్లో గొట్టం పొడవు 20 రకాలుగా ఉంటుంది. ఎండ ఎక్కువైన చోట కాడ పొట్టిగా, నీడలో పొడుగ్గా వస్తుంది. పైగా డయాంథస్ సిల్వెస్ట్రిస్ అనే అడవి జాతిలో కొన్ని మొక్కలకు మామూలు పూలు వస్తే, కొన్నింటికి ఆడ పూలే వస్తాయి, అవి సైజులో చిన్నవి. తెలియని వాళ్లు ఆ చిన్న పూల మొక్కను చూసి కొత్త జాతి అనుకునే ప్రమాదం ఉంది.

నిన్న మొన్న వేరుపడ్డ అన్నదమ్ములు

ఇన్ని జాతులు ఇంత దగ్గరగా ఎందుకు ఉన్నాయి? నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఇక్కడే ఉంది. ఇవి చాలా కొత్త జాతులు.

ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడ్డ అన్నదమ్ముల ఇళ్లు చూడండి. మూడు తరాల క్రితం విడిపోతే వంట వేరు, మాట తీరు వేరు, పొలం పద్ధతి వేరు. చూడగానే ఎవరి ఇల్లో చెప్పేయొచ్చు. నిన్న మొన్న వేరు కాపురం పెట్టిన ఇళ్లలో మాత్రం అవే గిన్నెలు, అవే మంచాలు. పిల్లలు ఇంకా ఈ ఇంట్లో తిని ఆ ఇంట్లో పడుకుంటూ ఉంటారు. అడవి డయాంథస్‌లు ఈ రెండో రకం.

2010లో లూయిస్ వాలెంటే, ఆయన తోటి శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ లెక్కలతో ఒక పరిశోధన ప్రచురించారు. దాని ప్రకారం యూరప్ ఆసియాల్లోని డయాంథస్ పది లక్షల ఏళ్లకు 2.2 నుంచి 7.6 కొత్త జాతుల చొప్పున చీలుతూ వచ్చింది. అప్పటిదాకా మొక్కల్లో గానీ, నేల మీద తిరిగే వెన్నెముక జంతువుల్లో గానీ అంత వేగం నమోదు కాలేదు. మంచు యుగాల కాలంలో ఆ ప్రాంతం పొడిబారడం, ఎండాకాలాలు ముదరడం దీనికి ఊతమిచ్చాయని వాళ్లు చూపించారు. జీవవైవిధ్యం అనగానే మనకు ఉష్ణమండల అడవులు గుర్తొస్తాయి. ఇక్కడ కథ నడిచింది రాళ్లూ రప్పలూ ఉన్న ఎండిన కొండల మీద.

మొక్క తీరు కూడా దీనికి సహకరించింది. డయాంథస్ కాయ పండాక పైన నాలుగు పళ్లుగా విచ్చుకుంటుంది, చిన్న గ్లాసులాగా. గాలికి కాడ ఊగితే నల్లటి చదును గింజలు చుట్టుపక్కలే పడతాయి. జిల్లేడు గింజలాగా ఎగిరిపోవు. పక్షి తినే పండు లేదు. కాబట్టి ఒక కొండ మీది మొక్కలు ఆ కొండకే పరిమితమవుతాయి. మధ్యలో లోయ ఉంటే అదే వాటికి సముద్రం. చల్లటి కాలాల్లో మొక్కలు కిందికి దిగి కలుస్తాయి, వేడెక్కితే పైకెక్కి విడిపోతాయి. ఇలా లక్షల ఏళ్లు కలుస్తూ విడిపోతూ వచ్చాయి. సిల్వెస్ట్రిస్ జాతిలో ఇప్పుడు మూడు పెద్ద వంశాలు కనిపిస్తాయి. ఆల్ప్స్ కొండలది ఒకటి, ఇటలీ వెన్నెముక లాంటి అపెనైన్ కొండలది ఒకటి, బాల్కన్ ప్రాంతానిది ఒకటి.

స్విట్జర్లాండ్‌లోని జూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు ఆల్ప్స్‌లో లోయ మొక్కలను ఎత్తైన చోట, ఎత్తైన చోటి మొక్కలను లోయలో నాటి చూశారు. లోయ మొక్కలకూ కొండ మొక్కలకూ తేడా కేవలం వాతావరణం వల్ల వచ్చింది కాదు, కొంత విత్తనంలోనే ఉందని తేలింది. ఒకే జాతి, ఒకే లోయ, అయినా ఎత్తును బట్టి స్వభావం మారింది. ఒక ఊరి నాటు విత్తనం ఇంకో ఊళ్లో ఎందుకు అంత బాగా రాదో మనకు తెలిసిన సంగతే కదా, అక్కడ అడవి మొక్కలోనూ అదే కనిపించింది.

ఫెయిర్‌చైల్డ్ కంచరగాడిద

చిక్కుముడిని ఇంకా బిగించే విషయం సంకరం. అడవి డయాంథస్‌లు పక్క జాతితో సులువుగా కలుస్తాయి. మనుషులు కావాలని చేసిన మొట్టమొదటి సంకర మొక్కగా చరిత్రలో చెప్పుకునేది కూడా ఈ కుటుంబంలోదే. లండన్ పక్కన హాక్స్‌టన్‌లో థామస్ ఫెయిర్‌చైల్డ్ అనే నర్సరీ ఆయన ఉండేవాడు. 1717 ప్రాంతంలో కార్నేషన్ మీద స్వీట్ విలియం పుప్పొడి వేసి ఒక మొక్కను పుట్టించాడు. గాడిదకూ గుర్రానికీ పుట్టిన కంచరగాడిదలాగా దానికి పిల్లలు కలగలేదు, గింజ కట్టలేదు. అందుకే దానికి ఫెయిర్‌చైల్డ్ కంచరగాడిద అన్న పేరు స్థిరపడింది. ఎండబెట్టిన ఆ మొక్క నమూనా ఆక్స్‌ఫర్డ్‌లో ఇప్పటికీ ఉంది. దేవుడి పనిలో చెయ్యి పెట్టానని ఆయన భయపడ్డాడని అంటారు. చనిపోతూ చర్చిలో ఏటా మొక్కల సృష్టి గురించి ప్రసంగం చేయించడానికి కొంత డబ్బు రాసి వెళ్లాడు.

ఆ సంకరం గొడ్డుపోయింది గానీ అన్నీ అలా పోవు. డయాంథస్‌లో చాలా జంటలు గింజ కట్టే పిల్లల్నే ఇస్తాయి. అడవిలో రెండు జాతులు ఒకే వాలు మీద పెరుగుతుంటే, సీతాకోకచిలుక దీని మీద వాలి దాని మీద వాలితే, మధ్యరకం మొక్కలు వస్తాయి. అవి మళ్లీ తల్లివైపు జాతితో కలుస్తాయి. కొన్ని తరాలు పోయాక పైకి అచ్చం తల్లివైపు జాతిలాగే కనిపించే మొక్కలో తండ్రివైపు జాతి ముక్క ఒకటి మిగిలిపోతుంది.

"డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తేలిపోతుందిగా" అంటారు కొందరు. అంత సులువు కాదు. మొక్క కణంలో పత్రహరితం ఉండే భాగాలకు వాటి సొంత డీఎన్‌ఏ కొంచెం ఉంటుంది. అది చాలా మొక్కల్లో తల్లి వైపు నుంచే వస్తుంది. ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టు, ఇది తల్లి నుంచి వస్తుందన్నమాట. ఇంటిపేరు ఒక్కటే చూసి ఒక మనిషి బంధువులందర్నీ చెప్పగలమా? మేనమామలు, అమ్మమ్మ ఊరివాళ్లు అందులో కనిపించరు. అలాగే ఈ చిన్న డీఎన్‌ఏతో గీసిన వంశవృక్షం ఒకటి చెబుతుంది, కణం నడిమధ్య ఉన్న అసలు డీఎన్‌ఏతో గీసినది ఇంకొకటి చెబుతుంది. సంకరం జరిగితే ఇలా అవుతుంది. సంకరం జరగకపోయినా, జాతులు మరీ కొత్తవైతే కూడా ఇలాగే అవుతుంది. ఉమ్మడి ఇంట్లో ఉన్న పాత తేడాలు ఇంకా పూర్తిగా పంచుకోలేదు కాబట్టి.

అందుకే ఇప్పుడు ఒకటి రెండు జన్యువులు చూసి సరిపెట్టుకోవడం లేదు. డీఎన్‌ఏను కొన్ని నిర్ణీత చోట్ల కత్తిరించి, ఆ వేల ముక్కల్ని ఒకేసారి చదివి, వందల మొక్కల మధ్య పోల్చి చూస్తున్నారు. వేల సాక్షులు ఉంటే ఒకరిద్దరు తప్పు చెప్పినా నిజం బయటపడుతుంది. 2013లో జపాన్ శాస్త్రవేత్తలు 'ఫ్రాన్సెస్కో' అనే కార్నేషన్ రకం జన్యుపటం మొత్తం విడుదల చేశారు. ఇలాంటి పోలికలకు అది ఒక ఆధారం అయింది.

పత్తిలో ఉన్న లెక్కే ఇక్కడా

క్రోమోజోముల సంగతి మన పత్తి రైతులకు చెబితే వెంటనే అర్థమవుతుంది. దేశీ పత్తికి క్రోమోజోములు 26. అమెరికన్ పత్తికి 52. అందుకే రెండూ పక్కపక్కన వేసినా మామూలుగా కలిసి గింజలు కట్టవు. గింజ లేని పుచ్చకాయ కూడా ఈ లెక్కతోనే వస్తుంది. రెట్టింపు చేసిన దాన్ని మామూలు దానితో కలిపితే పిల్లకు మూడు సెట్లు వస్తాయి, గింజ కట్టదు.

డయాంథస్‌లో ఒక సెట్ అంటే 15. మామూలు మొక్కకు రెండు సెట్లు, 30. కొన్నిచోట్ల 60, 90. స్పెయిన్, పోర్చుగల్‌లలో డయాంథస్ బ్రోటెరీ అనే ఒక మొక్క ఉంది. రేకులు చీలికలు చీలికలుగా, చాలా అందంగా ఉంటుంది. సెవిల్ విశ్వవిద్యాలయం వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఒక్క పేరు కింద ఉన్న ఈ మొక్కలో నాలుగు రకాల లెక్కలు బయటపడ్డాయి. 30, 60, 90, చివరికి 180. అంటే 12 సెట్లు. ఈ కుటుంబంలో ఇప్పటిదాకా తెలిసినవాటిలో ఇదే ఎక్కువ. ఆ 180 క్రోమోజోముల మొక్కలు నైరుతి స్పెయిన్‌లో డొన్యానా అనే చోట సముద్రం పక్క ఇసుక నేలల్లో పెరుగుతాయి. 90 ఉన్నవి ఆగ్నేయంలోని ఎండిన ప్రాంతంలో. తక్కువ లెక్క ఉన్నవి ఇంకోచోట. లెక్క మారితే నేల కూడా మారింది.

ఇప్పుడు చెప్పండి, ఇది ఒక జాతా నాలుగు జాతులా? ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు, వేర్వేరు చోట్ల బతుకుతున్నాయి, కానీ కంటికి చూస్తే గీత గీయలేం. రైతు బుద్ధితో ఆలోచిస్తే నాకైతే వేరువేరుగా చూడటమే మేలనిపిస్తుంది. ఇసుక దిబ్బ మొక్క విత్తనం తెచ్చి సున్నపురాయి కొండ మీద చల్లితే ఏమవుతుందో మనకు తెలుసు. అయితే ప్రతి లెక్కకూ కొత్త పేరు పెడితే, పొలంలో నిలబడి ఆ పేరు చెప్పడానికి ప్రయోగశాల కావాలి. అది కూడా ఇబ్బందే.

పేర్ల పంచాయితీ

పేర్ల విషయంలో వృక్షశాస్త్రంలో ఒక కట్టుబాటు ఉంది. ఒకే మొక్కకు రెండు పేర్లుంటే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. ఇది న్యాయంగానే ఉంది. కానీ దీనివల్ల వచ్చే తిప్పలు చూడండి. యూరప్ అంతా సిల్వెస్ట్రిస్ అని పిలుస్తూ వచ్చిన పేరు వుల్ఫెన్ పెట్టింది, 18వ శతాబ్దం చివర్లో. లిన్నేయస్ 1753 పుస్తకంలోనే డయాంథస్ వర్జీనియస్ అనే పేరు ఇంకొకటి ఉంది. ఆ పేరు కూడా ఈ గుంపు మొక్కకే పెట్టిందని ఇటీవలి పరిశోధకులు వాదించారు. అలాగైతే పాత పేరే గెలుస్తుంది. అందుకే కొత్త పరిశోధనల్లో 'వర్జీనియస్ గుంపు' అన్న మాట కనిపిస్తుంది. రైతు చేతిలో ఉన్న పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త పుస్తకంలో ఇంకో పేరు. మొక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మన బొకే కార్నేషన్ పుట్టింది కూడా ఈ గుంపు చుట్టుపక్కలే. శతాబ్దాల నుంచి మనుషుల తోటల్లో కలగలిసి పోవడంతో, అసలు అడవి కార్యోఫిల్లస్ ఇదీ అని వేలెత్తి చూపించడం కష్టమైపోయింది. తోటలోంచి తప్పించుకుని గోడల మీద మొలిచిన దాన్ని కూడా అడవి మొక్క అనుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే: కార్నేషన్‌కి ఒక్క నాటు విత్తనం అంటూ లేదు, ఒక నాటు బంధువర్గం ఉంది.

ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో ఈ పంచాయితీ బాగా ముదిరింది. 2010లో బాకెట్టా, బ్రుల్లో, వాళ్ల తోటివాళ్లు దక్షిణ ఇటలీ, సిసిలీ, సార్డీనియాల్లోని సిల్వెస్ట్రిస్ గుంపును తిరగేసి, కొత్త జాతులను కూడా కలిపి ఒక పెద్ద జాబితా వేశారు. ఒక కొండ మీద ఒకటి, ఇంకో కొండ మీద ఇంకొకటి. ఆ తర్వాత వచ్చినవాళ్లు అవే మొక్కల్ని ఆకులు, పూలు, గింజలు కొలిచి, క్రోమోజోములు లెక్కపెట్టి, డీఎన్‌ఏ చదివి, వాతావరణం పోల్చి మళ్లీ పరీక్షిస్తున్నారు. ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకుండా అన్నీ ఒకే వైపు చూపిస్తేనే జాతి అనడం వీళ్ల పద్ధతి. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

ఒక్క ఇసుక దిబ్బ మీద

సార్డీనియా నైరుతి తీరంలో పోర్టిషెద్దు అనే చోట ఇసుక దిబ్బలున్నాయి. అక్కడ డయాంథస్ మోరిసియానస్ పెరుగుతుంది. దాని బంధువులన్నీ రాళ్ల మీద, కొండ పగుళ్లలో బతుకుతుంటే ఇది ఒక్కటే ఇసుకలో బతుకుతుంది. సహజంగా ఉన్నది ఆ ఒక్క చోటే. దిబ్బలు కదలకుండా నాటిన పైన్ చెట్లు, తీరానికి వచ్చే జనం తొక్కిడి, వీటి మధ్య నలిగిపోతోంది.

పేరు ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. "ఇది కూడా సిల్వెస్ట్రిసే" అని ఒక గీత కొట్టేస్తే కాగితం మీద ఇది ఆల్ప్స్ నుంచి బాల్కన్ దాకా ఉన్న మామూలు మొక్క అయిపోతుంది. ఆ దిబ్బ మీద హోటల్ కట్టుకోవచ్చు. "ఇది వేరే" అంటే ప్రపంచంలో ఒకే ఒక్క మడి మిగిలిన మొక్క. కాల్యారి విశ్వవిద్యాలయం వాళ్లు ఆ మొక్కల గింజలే సేకరించి, నారు పెంచి, తిరిగి అక్కడే నాటారు. ఆ అనుభవాన్ని 2013లో ప్రచురించారు. ఎక్కడి గింజ అక్కడికే అన్నది వాళ్లు గట్టిగా పట్టుకున్న నియమం. పక్క కొండ మొక్క గింజ తెచ్చి సంఖ్య పెంచేస్తే పైకి పచ్చగా కనిపిస్తుంది, లోపల ఆ దిబ్బ మొక్క సంకరమై మాయమవుతుంది.

చెక్ దేశంలో క్లెనెచ్ అనే ఊరి దగ్గర ఇసుక నేలలో తెల్ల పూల డయాంథస్ ఒకటుంది. దాన్ని జాతి అని కూడా అనరు, అరెనారియస్ జాతిలో ఒక ఉపజాతి అంటారు. అయినా ఆ ఒక్క చోటే ఉంది కాబట్టి చట్టం కాపాడుతోంది. జాతి అనాలా ఉపజాతి అనాలా అన్నది తేలకపోయినా, ముందు విడిగా గుర్తించి పేరు పెట్టి ఉండటం దానికి మేలు చేసింది.

ఇక సాగు వైపు లాభం. టమాటా, వంగ వేసేవాళ్లకు బాక్టీరియా ఎండు తెగులు తెలుసు. కార్నేషన్‌కూ అలాంటిదే ఒకటి ఉంది, వేడి ఎక్కువైతే మడి మొత్తం వడలిపోతుంది. జపాన్‌లో ఇది పెద్ద సమస్య. అక్కడి ప్రభుత్వ పూల పరిశోధన కేంద్రంలో కార్నేషన్ రకాలతో పాటు అడవి డయాంథస్‌లను కూడా పరీక్షించారు. డయాంథస్ కాపిటాటస్ అనే అడవి జాతి ఆ తెగులును బాగా తట్టుకుంది. దానితో సంకరం చేసి, మళ్లీ మళ్లీ కార్నేషన్‌తో కలుపుతూ, తట్టుకునే గుణం ఉందో లేదో డీఎన్‌ఏ గుర్తుతో చూసుకుంటూ చివరికి 'కారెన్ రూజ్' అనే ఎర్ర పూల రకం తెచ్చారు. ఏళ్లు పట్టిన పని. ఆ అడవి మొక్కను తప్పు పేరుతో నిల్వ చేసి ఉంటే, మరోసారి అదే గుణం కావాల్సి వచ్చినప్పుడు ఏ కొండకు వెళ్లాలో ఎవరికీ తెలిసేది కాదు.

కాటుక తెగులుకు ఈ గీతలు పట్టవు

మనుషులు గీసిన గీతలు పురుగులకూ బూజులకూ తెలియవు. జొన్నలో కాటుక తెగులు వస్తే గింజ ఉండాల్సిన చోట నల్లపొడి ఉంటుంది కదా. అడవి డయాంథస్‌లలో ఒక బూజు పుప్పొడి తిత్తుల్లో చేరి, పుప్పొడి బదులు ముదురు రంగు పొడి నింపుతుంది. పువ్వు మీద వాలిన తేనెటీగ, సీతాకోకచిలుక ఆ పొడినే పుప్పొడి అనుకుని పక్క మొక్కకు మోసుకెళ్తాయి. తెగులు పట్టిన మొక్క చావదు, ఏటా పూస్తూనే ఉంటుంది, గొడ్డుగా మిగులుతుంది. ఈ బూజు ఒక డయాంథస్ జాతి నుంచి ఇంకో జాతికి దాటేస్తుంది. దానికి వాటి మధ్య పెద్ద తేడా లేదు. చిత్రం ఏంటంటే, చూడ్డానికి ఇది కాటుక తెగులే అయినా వంశం చూస్తే తుప్పు తెగుళ్ల వైపుకు చెందింది. రూపాన్ని చూసి బంధుత్వం కట్టడం ఎంత ప్రమాదమో ఇక్కడా అంతే.

సిల్వెస్ట్రిస్ మీద రాత్రిపూట తిరిగే ఒక రెక్కల పురుగు ఉంది, మన శనగపచ్చ పురుగు కుటుంబానిదే. తల్లి పురుగు తేనె తాగుతూ పరాగసంపర్కం చేస్తుంది, పోతూ పోతూ అదే పువ్వులో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ కాయలో గింజల్నే తింటుంది. మందు కొట్టే ఆలోచన ఉన్నవాళ్లకు ఇది శత్రువు. ఆ కొండ మీద మాత్రం మొక్కకు అదే పెళ్లిళ్ల పేరయ్య.

మన మడిలో గింజ పట్టేటప్పుడు

చైనా పింక్, స్వీట్ విలియం మనకు అక్టోబరు, నవంబరులో నారు పోసుకుంటే చలికాలమంతా పూస్తాయి. నీరు నిలవని నేల కావాలి, కణుపు దగ్గర తడి ఉంటే కుళ్లుతుంది. చాలామంది ఈ పూలు పూశాక గింజ పట్టి మరుసటి ఏడాది వేసి, "పోయినసారి ఎర్రగా పూసింది, ఈసారి ఏవేవో రంగులు, ఎత్తులు వచ్చాయి, విత్తనం మోసం" అంటుంటారు. మోసం కాదు. నర్సరీల్లో అమ్మేవాటిలో చాలావరకు ఈ రెండు జాతుల్నీ కలిపి చేసిన సంకరాలే. వాటి గింజ వేస్తే తాతలు, ముత్తాతలు అందరూ బయటికొస్తారు.

డార్విన్ 1876లో అచ్చువేసిన పుస్తకంలో కార్నేషన్ మీద చేసిన పరీక్ష ఉంది. తన పుప్పొడితోనే తరతరాలుగా కట్టించిన గింజ మొక్కలు నీరసించాయి, బయటి పుప్పొడి పడ్డవి దిట్టంగా పెరిగాయి. కాబట్టి ఒకే మొక్క గింజ మీద ఆధారపడకండి. నచ్చిన రకం నిలబెట్టుకోవాలంటే ఒకే తీరున్న మొక్కలు కనీసం పదీ పన్నెండు పెట్టి, మిగతా డయాంథస్‌లకు దూరంగా ఉంచండి. నచ్చని మొక్కలను పూత విచ్చకముందే తీసేయండి. కాయ పైన నాలుగు పళ్లు విచ్చుకోవడం మొదలవగానే కాడతో సహా కోసి, కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీస్తే గింజ అదే రాలుతుంది. సంచి మీద పేరుతో పాటు ఏ ఊరి మడి, ఏ నేల, ఏ నెల, పక్కన ఏ డయాంథస్ పూస్తోంది అన్నవి కూడా రాయండి. పేరు రేపు మారొచ్చు, పుస్తకాలు మారుస్తూనే ఉన్నాయి. మిగతా నాలుగూ మీరు రాయకపోతే ఏ ప్రయోగశాలా తిరిగి చెప్పలేదు.